ఊతం పెట్టె

మజ్జిగన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఇన్నారెడ్డి ఆగిపోయాడు.

"చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మా నాయన..." అంటున్నవాడు అక్కడే నిలిచిపోయాడు. చెయ్యి గాల్లోనే ఉంది. వేళ్ల సందుల్లోంచి మజ్జిగ కారి మోచేతి మీదుగా చాప మీద పడుతోంది. కళ్లు ఎదురుగా కూర్చున్న భార్య వైపే ఉన్నాయి గానీ ఆమెను చూడటం లేదు.

లూర్దుమేరీ ఎంగిలిచేత్తోనే పక్కగదిలోకి పరిగెత్తింది.

బల్ల మీది కంప్యూటర్ పెట్టెలో ఫ్యాన్లు ప్రాణం మీదికొచ్చినట్టు అరుస్తున్నాయి. తెర మూల వేడి చూపించే అంకె ఎర్రగా వెలిగి ఆరుతోంది. వోల్టేజి పడిపోయి ఏసీ ఎప్పుడు ఆగిపోయిందో ఏమో, గది పొయ్యిలా ఉంది. ఆమె పెట్టె పక్కరేకు లాగి అవతల పడేసింది. టేబుల్ ఫ్యాన్ దగ్గరికి జరిపి గాలంతా లోపలికి కొట్టేలా తిప్పింది. దుప్పటి బిందెలో ముంచి కిటికీకి కట్టింది. "మరియమ్మ తల్లీ, మరియమ్మ తల్లీ" అనుకుంటూ అంకె వంకే చూస్తూ నిలబడింది.

అంకె మెల్లగా దిగింది. ఎరుపు పోయి పసుపు వచ్చింది.

"...మిద్దె మీద నీళ్లు చల్లి పడుకోబెట్టేవాడు మమ్మల్ని" అని అవతలి గదిలోంచి వినపడింది. "లూర్దూ, యాడికి పోయావే? ఈ మజ్జిగేంది ఇట్టా ఒలికింది?"

తను ఆగిపోయిన సంగతే అతనికి తెలియదు.

ఇన్నారెడ్డి రెంటచింతలలో లెక్కల మాస్టారు. రెండేళ్ల కిందట పాఠం చెబుతూ చెబుతూ బ్లాక్‌బోర్డు ముందే కూలిపోయాడు. మెదడులో నరం చిట్లింది. ప్రాణం దక్కింది గానీ ఎడమవైపు పెద్ద ముక్క చచ్చిపోయింది. దాంతోపాటు మాట పోయింది, మనుషుల పేర్లు పోయాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం పోయింది. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో ఒక ల్యాబు మనుషుల మీద కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. పుర్రె లోపల ఉల్లిపొర లాంటి రేకు పరుస్తారు. మెదడులో పుట్టే సంకేతాలను అది గాల్లోంచే కంప్యూటర్‌కి అందిస్తుంది. చచ్చిపోయిన ముక్క చెయ్యాల్సిన పనిని కంప్యూటర్ చేసి, రెప్ప వేసి తీసేలోపు జవాబు తిప్పి పంపుతుంది. అంత తొందరగా పోయి రావాలంటే పెట్టె మనిషికి దగ్గర్లో ఉండాలి. ఇంట్లో, మహా అయితే పెరట్లో. గేటు దాటితే అందదు.

ప్రయోగం నడిపిన డాక్టర్ కౌముది దానికి ఊతం అని పేరు పెట్టింది. "కాలు విరిగినవాళ్లకి చేతికర్ర ఇస్తాం చూడండి, అలాంటిది. మిగిలిన మెదడు ఆ పనులన్నీ మళ్లీ నేర్చుకునేదాకా పనికొస్తుంది. రాను రాను కర్ర అవసరం తగ్గిపోతుంది" అని చెప్పింది లూర్దుకి.

తగ్గేదాకా ల్యాబు నిలవలేదు. నిధులు ఆగిపోయాయి. తలుపులు మూసేముందు ఒక్కో రోగికి ఒక్కో పెట్టె ఇచ్చి ఇళ్లకు పంపేశారు. లూర్దు నరసరావుపేటలో చాలాకాలం కంప్యూటర్లు బిగించి అమ్మే షాపు నడిపిన మనిషి. "మిగతావాళ్ల సంగతేమో గానీ, మీ చేతికిస్తుంటే నాకు భయం లేదు" అంది కౌముది.

భయమంతా ఊరికొచ్చాక మొదలైంది. రెంటచింతల ఎండ సంగతి తెలియనివాళ్లుండరు. టీవీలో ఎండల వార్త వస్తే ముందు వినపడేది ఆ పేరే. దానికి తోడు నాపరాళ్ల క్వారీల నుంచి వచ్చే తెల్లదుమ్ము. చల్లటి గదిలో హాయిగా నడిచిన పెట్టె ఇక్కడ మొదటి ఎండాకాలానికే చేతులెత్తేసింది. కంప్యూటర్ చిప్పు హద్దు దాటి వేడెక్కితే, కాలిపోకుండా తనంతట తనే నెమ్మదిస్తుంది. వేరేవాళ్ల ఇళ్లలో అయితే సినిమా ఆగి ఆగి ఆడుతుంది. లూర్దు ఇంట్లో మొగుడు ఆగి ఆగి మాట్లాడతాడు.

ఆ సాయంత్రమే ఆమె మస్తాన్‌వలిని పిలిచింది. అతను కూలర్లు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఇన్నారెడ్డి చెవి మెలేసి నేర్పబట్టే పదో తరగతి గట్టెక్కానని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

"ఈ చిన్న చిన్న బెజ్జాల్లోంచి గాలి పీల్చలేక చస్తున్నాయి ఫ్యాన్లు" అంది లూర్దు పెట్టె ముందుభాగం చూపిస్తూ. "రేకు మొత్తం కోసెయ్యాల."

"గ్రైండర్ పెడితే ఇనపపొడి లోపల పడిద్దక్కా. బోర్డులు పోతాయి."

"దీన్ని కాదులే. అటక మీద నా షాపుదే ఖాళీ పెట్టె ఒకటుంది. దాన్ని కోద్దాం. అంతా కుదిరాక లోపలి సరుకు ఇందులోంచి అందులోకి మార్చేద్దాం."

మస్తాన్ పెరట్లో కూర్చుని ఖాళీ పెట్టెకి ముందు, పైన, అడుగున పెద్ద పెద్ద గుండ్రాలు కోశాడు. అంచులు అరగదీశాడు. లూర్దు ఆ గుండ్రాలకు పాత నైలాన్ చీర ముక్కలు బిగించి కట్టింది, దుమ్ము ఆగడానికి. గాలి లోపలికి లాగే ఫ్యాన్లు ఎక్కువ, బయటికి తోసేవి తక్కువ పెట్టింది. అలా అయితే లోపల గాలి నిండుగా ఉండి సందుల్లోంచి దుమ్ము చొరబడదు. వెనక నుంచి వచ్చే వేడిగాలి మళ్లీ గదిలోకే రాకుండా అల్యూమినియం గొట్టం తగిలించి కిటికీలోంచి బయటికి పంపింది.

సరుకు మార్చే పొద్దున ఊతాన్ని కాసేపు ఆపాల్సొచ్చింది. ఇన్నారెడ్డి కుర్చీలో మెత్తబడి కూర్చున్నాడు. మస్తాన్‌ని చూసి "ఎవరు?" అన్నాడు. లూర్దు చేతికిచ్చిన కాఫీగ్లాసు పట్టుకుని ఊదుకుని తాగాడు. "వేడి" అన్నాడు. ఆమె అటూ ఇటూ తిరుగుతుంటే కళ్లతో వెతుక్కున్నాడు. పెట్టె మళ్లీ వెలిగాక ఒళ్లు విరుచుకుని, "ఏరా మస్తానూ, ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

మస్తాన్ కళ్లు తుడుచుకుని నవ్వాడు.

ఆ మార్పుతో ఏప్రిల్ గట్టెక్కింది. మే నెల ఎండ ముందు అవన్నీ తేలిపోయాయి. గాలే నిప్పులా ఉన్నప్పుడు ఎన్ని ఫ్యాన్లు పెడితే ఏం లాభం, అవి తోడేది ఆ నిప్పునే. ఇన్నారెడ్డి మధ్యాహ్నాలు మళ్లీ ఆగిపోసాగాడు. ఒకరోజు స్నానాల గదిలో తలమీద సబ్బునురగతో గోడ వంక చూస్తూ నిలబడిపోయాడు. ఇంకోరోజు లూర్దు చెయ్యి పట్టుకుని "మీరెవరమ్మా?" అన్నాడు. మరుక్షణం తేరుకుని మామూలుగా మాట్లాడాడు.

లూర్దు గాలి వదిలేసి నీళ్ల మీద పడింది. చిప్పుల మీద వేడి లాగే పాత పేస్టు గీకేసి కొత్తది రాసి, రాగి దిమ్మలు బిగించింది. వాటిలోంచి సన్నటి పైపులు, చిన్న మోటారు. నీళ్లు వేడిని మోసుకుని బయటికిపోతాయి. బయట ఎక్కడ చల్లారాలి? తొట్టిలో నీళ్లు సాయంత్రానికి సలసలమంటున్నాయి. అప్పుడు పెరట్లో వాడకం లేని పాత బావి గుర్తొచ్చింది. పైన ఎంత ఎండ కాసినా అడుగున నీళ్లు చల్లగానే ఉంటాయి. మస్తాన్ ఫ్రిజ్‌కి వాడే రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి తాడుకట్టి బావిలోకి దించాడు. పైపులు పెరడు దాటి, కిటికీలోంచి గదిలోకి, పెట్టెలోకి వచ్చాయి.

మోటారు వేయగానే అంకె ఆకుపచ్చలోకి దిగింది. లూర్దు అక్కడే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత నడిచిన రోజుల్ని ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు. ఇన్నారెడ్డి పాత ఇన్నారెడ్డి అయ్యాడు. కాదు, అంతకంటే ఎక్కువయ్యాడు. ఎప్పుడో చదివి వదిలేసిన సిద్ధాంతాలు వరసగా చెప్పేవాడు. వరండాలో పిల్లలకు మళ్లీ పాఠాలు మొదలుపెట్టాడు. ఒక పిల్ల లెక్క చదవడం పూర్తికాకముందే జవాబు చెప్పి, ఆ పిల్ల ఎక్కడ తప్పు చేస్తుందో కూడా ముందే చెప్పేవాడు. మరియమ్మ గుడిలో పాడే కీర్తనలు, పెళ్లిచూపుల్లో లూర్దు కట్టుకున్న చీర అంచు రంగు, ఆమె చెల్లెలు ఎప్పుడో వాగిన వాగుడు, అన్నీ నాలుక చివర ఉండేవి.

"నాకిప్పుడు ఎట్టా ఉందో తెలుసా లూర్దూ" అన్నాడొకసారి. "ఇల్లంతా కిటికీలు తీసేసినట్టుంది."

ఆమె అతని భుజం మీద తల వాల్చింది. కోసిన ప్రతి రేకూ బిగించిన ప్రతి మరా సార్థకమైందనుకుంది.

జూన్ వచ్చినా వాన జాడ లేదు. ఊళ్లో బోర్లన్నీ రాత్రింబగళ్లు తోడుతుంటే బావిలో నీళ్లు రోజురోజుకీ కిందికి జారుతున్నాయి. లూర్దు తాడు వదులు చేస్తూ చుట్టను కిందికి దించుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం చుట్ట అడుగు బురదలో కూరుకుంది. పైకి లాగబోతే పైపు ఊడింది.

గదిలోకి పరిగెత్తి వచ్చేసరికి మోటారు గాలి మింగుతూ కీచుమంటోంది. అంకె ఎర్రబడింది. ఆమె కళ్లముందే తెర నల్లబడింది. ఈసారి పెట్టె నెమ్మదించలేదు. పూర్తిగా ఆగిపోయింది.

వరండాలో పిల్లలు కేకలు పెట్టారు.

ఇన్నారెడ్డి కుర్చీలోంచి జారి నేల మీద పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నోటి పక్కనుంచి చొంగ కారుతోంది. గొంతులో గురగుర. లూర్దు తల ఒడిలో పెట్టుకుని పిలిచింది. కనురెప్ప కదల్లేదు. నోట్లో చేరిన ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు. పొలమారి మొహం నీలంగా మారుతోంది. ఆమె అతన్ని పక్కకి దొర్లించి, వేలు పెట్టి నోరు శుభ్రం చేసి, "మస్తాన్‌ని పిలవండి! పరిగెత్తండి!" అని పిల్లల మీద అరిచింది.

మస్తాన్ ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు మోపెడ్ మీద వేసుకొచ్చాడు. వాటిని తొట్టిలో పడేసి, పైపులు తొట్టిలోకి మళ్లించి, పెట్టె మళ్లీ వెలిగించేసరికి లూర్దు చీర అంతా చొంగతో, చెమటతో తడిసిపోయింది. ఇన్నారెడ్డి గట్టిగా ఊపిరి పీల్చాడు. గుటక వేశాడు. చుట్టూ చూశాడు.

"పిల్లలు ఎందుకు ఏడుస్తున్నారు?" అన్నాడు.

మర్నాడే కౌముది హైదరాబాదు నుంచి వచ్చింది. ల్యాబు పోయాక ఏదో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. మనిషి చిక్కిపోయింది. పెట్టెకి తన లాప్‌టాప్ తగిలించి అంకెలు చూసింది. కోసిన రేకుల్ని, చీర ముక్కల్ని, రాగి దిమ్మల్ని, ఐసు తొట్టిని చూసింది.

"ఇంత బాగా మేము కూడా చల్లబరచలేదు లూర్దు గారూ" అంది చివరికి. ఆ మాటలో మెచ్చుకోలు లేదు. "మొదట్లో, సరుకు మార్చినప్పుడు ఒకసారి ఆపామన్నారు కదా. అప్పుడెలా ఉన్నారు?"

"మస్తాన్‌ని గుర్తుపట్టలేదు. కాఫీ మాత్రం తనే తాగాడు. నాకోసం చూశాడు."

"నిన్న?"

"ఉమ్మి కూడా మింగలేకపోయాడు."

కౌముది లాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. తెర మీద ఒక గీత కొండెక్కుతున్నట్టు పైపైకి పోతోంది. "ఇది ఊతం మోసే బరువు. మీరు రేకు కోసినప్పుడు ఇక్కడ పెరిగింది. బావిలో చుట్ట దించినప్పుడు, చూడండి, ఎంత పెరిగిందో. మెదడుకి తేలిక దారంటే ఇష్టమండీ. పెట్టె నుంచి జవాబు తన కంటే తొందరగా వస్తుంటే, తను చెయ్యడం మానేస్తుంది. బాగున్న భాగం కూడా ఒక్కో పనీ పెట్టెకి అప్పగించేస్తోంది. మాట, జ్ఞాపకం, ఆఖరికి గుటక వెయ్యడం."

"కర్ర అన్నారు మీరు" అంది లూర్దు. "రాను రాను తగ్గిపోయిద్దన్నారు."

"అన్నాను. ల్యాబులో కొన్ని నెలలే చూశాం. అప్పుడు తగ్గుతున్నట్టే కనపడింది. నేను తప్పు చెప్పాను." కౌముది తల ఎత్తలేదు. "వరంగల్‌లో ఒకాయన ఉన్నారు. పోయిన నెల బోర్డు కాలిపోయింది. కొత్తది పెట్టేలోపు ఆయన మెదడులో అందుకోవడానికి ఏమీ మిగల్లేదు. గుండె కొట్టుకుంటోంది, అంతే."

లూర్దు తన చేతుల వంక చూసుకుంది. వేళ్ల మీద రేకు అంచులు కోసిన గాట్లు ఇంకా మానలేదు.

"నేను ఆయన్ని కాపాడుకుంటున్నా అనుకున్నానండీ."

"నాకు తెలుసు."

"ఇప్పుడేం చెయ్యాల?"

"తిరిగి రప్పించాలి. ఊతం నెమ్మదిస్తే, జవాబు ఆలస్యమైతే, మెదడు ఆగలేక తనే ప్రయత్నం చేస్తుంది. చిప్పు వేగాన్ని మనం తగ్గించలేం. ఎవరూ కెలకకుండా అప్పట్లో మేమే తాళం వేశాం, ఆ తాళంచెవి ల్యాబు సర్వర్లతోపాటే పోయింది. ఇక అది వినేది ఒక్క వేడి మాటే. మీరు చేసిందంతా వెనక్కి చెయ్యాలి. ఒక్కో గుండ్రం మూసుకుంటూ రావాలి. మరీ వేడెక్కితే నిన్నటిలా ఆరిపోతుంది. ఆరనివ్వకుండా, చల్లారనివ్వకుండా నడపాలి. అది మీరే చెయ్యగలరు."

"ఎంత తిరిగొస్తాడు?"

"సగం రావచ్చు. ఇంకా తక్కువ రావచ్చు. తెలియదు."

గుమ్మం దగ్గర ఇన్నారెడ్డి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

"డాక్టరమ్మా, ఒక్క మాట చెప్పండి. నేను ఇప్పుడు యాడ ఉన్నా? ఈ గుమ్మంలోనా, ఆ పెట్టెలోనా?"

"రెండు చోట్లా మాస్టారూ."

"ఎక్కువ యాడ?"

ఆమె పెట్టె వైపు చూసింది. అతను తల ఊపాడు, క్లాసులో ఎవరో సరైన జవాబు చెప్పినట్టు.

కౌముది బస్సెక్కాక లూర్దు మొగుడి ముందు కూర్చుని చేతులు పట్టుకుంది. "వద్దయ్యా. ఇంకో పెట్టె కొందాం. జనరేటర్ పెడదాం. నేను కాచుకుని కూర్చుంటా. నాకు ఇట్టా ఉన్న నువ్వే కావాల."

"ఇట్టా ఉన్నది కరెంటు ఉన్నంతసేపే గదా" అన్నాడతను. "నువ్వు ఎన్నాళ్లని కాచుకుంటావు? ఒక్క పూట నీకు జ్వరమొస్తే నా పనైపోయింది. నిన్న నా మొహం ఎట్టా ఉందో పిల్లలు చూశారు. నన్నట్టా పోనివ్వమాక."

"లెక్కలన్నీ పోతాయి. మన పెళ్లి కూడా పోయిద్దేమో. నేనెవరో అడుగుతావు."

"అడిగితే చెప్పు." ఆమె చేతుల్ని దగ్గరికి తీసుకున్నాడు. "రేపు పొద్దున్నే మొదలుపెట్టు. నేను బతిమాలతాను. తిడతాను. వినొద్దు."

తెల్లవారాక మస్తాన్ ఇన్నారెడ్డిని పక్కకి ఒత్తిగిలబెట్టి నోరు తుడుస్తూ కాచుకుంటే, లూర్దు పెట్టె కాసేపు ఆపి ఐసుతొట్టి పైపులు తీసేసి, రాగి దిమ్మలు విప్పి మామూలు ఫ్యాన్లు బిగించింది. కొన్నాళ్లకి పైన కోసిన గుండ్రానికి అట్టముక్క అడ్డంపెట్టింది. అంకె పసుపులోకి ఎక్కింది. దాన్ని అక్కడే నిలబెట్టడానికి అట్టను కొంచెం జరుపుతూ, మళ్లీ మూస్తూ రోజంతా పెట్టె పక్కనే కూర్చునేది. ఇన్నాళ్లూ ఏ ఎండని తిట్టిపోసిందో ఆ ఎండనే కొలిచి కొలిచి లోపలికి పంపుతోంది.

ముందు పిల్లల పాఠాలు ఆగిపోయాయి. ఇన్నారెడ్డి బోర్డు మీద ఒక లెక్క మొదలుపెట్టి మధ్యలో సుద్దముక్క కింద పడేసి ఇంట్లోకి వచ్చేశాడు. తర్వాత పేర్లు పోయాయి. తర్వాత రోజులు కలిసిపోయాయి. చచ్చిపోయిన తల్లి కోసం వంటింట్లో వెతికేవాడు. లూర్దు ఒక్కో గుండ్రం మూసినప్పుడల్లా అతని ముఖంలో ఏదో ఒక దీపం ఆరినట్టు కనిపించేది. ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మస్తాన్ కాళ్లు పట్టుకుంటే ఆమె తల పట్టుకుంది. ఫోన్లో కౌముది ఏం చెయ్యాలో చెబుతూ తనూ ఏడ్చింది.

ముందే చెప్పినట్టు బతిమాలాడు కూడా.

"తలుపు తియ్యవే" అన్నాడొక మధ్యాహ్నం, తల గోడకేసి రుద్దుకుంటూ. పెట్టె అనే మాట దొరక్క తలుపు అన్నాడు. "చీకటిగా ఉంది. నాకు... ఊపిరి... తియ్యవే అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా." నిజంగానే వంగి ఆమె పాదాలు పట్టుకున్నాడు. అతని కన్నీళ్లు ఆమె కాళ్ల మీద వేడిగా పడ్డాయి.

లూర్దు అప్పటిదాకా తట్టుకుంది. ఇక తట్టుకోలేకపోయింది. గదిలోకి పోయి అట్టలన్నీ పీకేసింది. పక్కరేకు లాగేసింది. ఫ్రిజ్‌లో ఉన్న ఐసు మొత్తం గిన్నెలో పోసి ఫ్యాన్ ముందు పెట్టింది. అంకె దిగడం చూస్తూ నోట్లో చెంగు కుక్కుకుని నిలబడింది.

వెనక అడుగుల చప్పుడైంది. ఇన్నారెడ్డి నిటారుగా నడిచొచ్చాడు. కళ్లలో పాత మెరుపు. ఆమె వంక, తెరిచిన పెట్టె వంక చూశాడు.

"లూర్దుమేరీ" అన్నాడు, పెళ్లినాటి నుంచీ పిలవని పూర్తి పేరుతో. "ఎందుకు తీశావు?"

"నువ్వే అడిగావు. నా కాళ్లు పట్టుకున్నావు."

"అడిగింది నొప్పి. నేను కాదు." ఆమె చెంపలు తుడిచాడు. "ఈ కాసేపట్లో నాకు అన్నీ గుర్తొచ్చినాయి. నీ చీర అంచు ఆకుపచ్చ. మన పెళ్లిరోజు జోరువాన. బాగుంది. మరీ బాగుంది. అందుకే భయమేస్తోంది, ఇంకాసేపు ఉంటే నేను కూడా మూయొద్దంటాను." కింద పడిన అట్టముక్క వంగి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మూసెయ్. నేను చూస్తుండగానే మూసెయ్."

ఆమె మూసింది. ముందు పక్కరేకు, తర్వాత పైన, తర్వాత ముందు. అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నాడు. చివరి అట్ట పెట్టాక ఆ చెయ్యి బరువు మారింది. అప్పటిదాకా ఓదారుస్తున్న చెయ్యి, పడిపోకుండా ఆసరా పట్టుకున్న చెయ్యి అయింది. ఆమె తిరిగి చూడలేదు. చూస్తే మళ్లీ తెరుస్తానని తెలుసు.

వానలు ఆలస్యంగా వచ్చాయి. గీత కొండ దిగినట్టు దిగుతూ దిగుతూ అడుగుకి చేరిందని, పెట్టె నుంచి వచ్చే లెక్కలు చూసి కౌముది ఫోన్ చేసిన పొద్దున, లూర్దు తన చేత్తోనే స్విచ్చి నొక్కి పెట్టెను ఆపేసింది. ఇన్నారెడ్డి పక్కన కూర్చుని అతని గొంతు వంకే చూసింది. గొంతు కదిలింది. గుటక వేశాడు. కాసేపాగి, "నీళ్లు" అన్నాడు. ఆమె గ్లాసు ఇస్తే రెండు చేతులా పట్టుకుని తాగాడు.

అంతకంటే పెద్ద అద్భుతమేదీ జరగలేదు. లెక్కలు తిరిగి రాలేదు. బడి, పిల్లలు, పెళ్లి ఏవీ రాలేదు. లూర్దు తన పేరు రోజూ చెప్పేది, అతను శ్రద్ధగా వినేవాడు, సాయంత్రానికి పోయేది. అయినా గేటు దాటి రోడ్డు చివరి దాకా నడిచేవాడు. కుక్కలకి రొట్టెముక్కలు వేసేవాడు. గుడిలో పాట వస్తే మాటలు లేకుండా గొంతు కలిపేవాడు.

ఒకరోజు కౌముది నంబరు ఇచ్చిందంటూ ఒంగోలు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. వసుంధర అని, వాళ్లాయనకూ ఊతమే. డాక్టరమ్మ చెప్పినట్టు మూయడం మొదలుపెట్టిందట. మాట్లాడుతూనే ఏడుస్తోంది.

"చూడలేకపోతున్నానక్కా. గోడలు గుద్దుకుంటున్నాడు. తెరిచెయ్యమంటున్నాడు. ఇంకో రూములోనే ఉన్నాడు, వినపడుతోందా మీకు? తెరవనా?"

లూర్దుకి వినపడుతోంది. ఒక మగగొంతు, మాటలు కాని అరుపులు. ధైర్యం చెప్పడానికి తన దగ్గర ఏముంది గనక. "మా ఆయనకి నా పేరు కూడా రాదమ్మా" అంది. నిజమే చెప్పాలనిపించింది. "అంతా వచ్చిద్దని చెప్పలేను. నేనూ ఒకసారి తెరిచా."

పక్కన అరుగు మీద కూర్చున్న ఇన్నారెడ్డి ఫోన్లోంచి వస్తున్న అరుపులనే వింటున్నాడు. మొహం ముడుచుకుపోయింది. చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియకపోతే లూర్దు సరిచేసి చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా" అన్నాడు. తర్వాతి మాట కోసం చాలాసేపు వెతికాడు. అవతల వసుంధర ఏడుపు ఆపి ఎదురుచూస్తోంది. "అరుస్తాడు. అరవనీ. నువ్వు... పక్కన కూచో. భుజం... భుజం ఇయ్యి. తెలిసిద్ది. లోపల... తెలిసిద్ది."

లూర్దు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరండీ మాట్లాడేది?" అంది వసుంధర గొంతు.

ఇన్నారెడ్డి తన పేరు కోసం వెతుక్కున్నాడు. లూర్దు చెప్పబోయింది గానీ చెయ్యెత్తి ఆపాడు. ఇంకా వెతికాడు. దొరకలేదు.

"నేనే" అన్నాడు.